ఖాళీ స్థలంలో గుడారాలు వెలిస్తే…

ప్రశ్న: రేణిగుంట దగ్గర మా నాన్నగారి నుంచి నాకు వచ్చిన 30 సెంట్ల ఖాళీ స్థలంలో రెండు నెలల క్రితం కొందరు గుడారాలు వేసుకున్నారు. మనుషులను పెట్టి తీయించవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆ పని చేయకండి. స్థలం మీదే అయినా, స్థిరపడినవారిని బలవంతంగా వెళ్లగొడితే కేసు మీ మీదకే రావచ్చు. ముందుగా దస్తావేజులు, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), అడంగల్, 1-బి (భూమి ఎవరి పేరున, ఎవరి అనుభవంలో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు) సిద్ధం చేసుకుని, రికార్డుల్లో ఇంకా నాన్నగారి పేరే ఉంటే మార్పించుకోండి. సర్వే చేయించి హద్దులు తేల్చుకోండి. పనుల కోసం వచ్చి దిగినవారైతే, గడువు ఇచ్చి అడిగితే వెళ్లిపోవడమూ కద్దు.

వినకపోతే, ఫొటోలతో సహా పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్రమ ప్రవేశం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరం. ఇది సివిల్ తగాదా అని పోలీసులు పంపివేయడం కొత్తేమీ కాదు కాబట్టి, ఆ ఒక్క ఫిర్యాదునే నమ్ముకుని కూర్చోకండి.

అసలు దారి సివిల్ కోర్టు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ ప్రకారం, మీ సమ్మతి లేకుండా స్వాధీనం తప్పించిన 6 నెలల లోపు దావా వేస్తే, హక్కు ఎవరిదన్న విచారణలోకి వెళ్లకుండానే, అంతకుముందు స్వాధీనం మీదేనని రుజువైతే చాలు, స్థలం తిరిగి ఇప్పిస్తారు. ఆ గడువు దాటితే హక్కు ఆధారంగా దావా వేయవచ్చు గానీ, దానికి చాలా కాలం పడుతుంది. కొత్త కట్టడాలు లేవకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (కోర్టు నిషేధ ఉత్తర్వు) కూడా కోరండి. స్థలం తిరుపతి జిల్లాలో ఉన్నందున దావా అక్కడి కోర్టులోనే వేయాలి, చిత్తూరులో కాదు.