సౌదీలో మా తమ్ముణ్ని లాకప్‌లో పెట్టి కొడుతున్నారట, మన ప్రభుత్వానికి బాధ్యత లేదా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి అడిగారు: తమ్ముణ్ని కొట్టి అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టించారు, ఢిల్లీ ఏమీ చెయ్యదా అని.

బాధ్యత ఉంది. కానీ "విడిపించి తీరాలి" అని కోర్టులో పట్టుబట్టే హక్కు మన చట్టంలో రాసి లేదు. చేతికి దొరికేది 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం, 36వ అధికరణం. పట్టుబడ్డవాడు కోరితే ఆలస్యం లేకుండా మన ఎంబసీకి కబురు చెయ్యాలి, మన అధికారిని లోపలికి వెళ్లి మాట్లాడనివ్వాలి. పాకిస్తాన్ జైల్లో పెట్టిన మన కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టు పాకిస్తాన్‌ను తప్పుపట్టింది దీనిమీదే. చాలా కేసులు ఆగేది "కోరితే" అన్న మాట దగ్గర. కఫీల్‌తో, అంటే అక్కడ పనికి పిలిపించుకున్న యజమానితో, రాజీ కుదురుతుందన్న ఆశతో మనవాళ్లు అడగరు. ఫోను వస్తే ముందు ఆ మాటే చెప్పండి, ఎంబసీని అడగమనండి. సంతకం ఏ రోజు, ఎవరి ముందు పెట్టాడో గుర్తుంచుకోమనండి. హింసించి రాబట్టిన వాంగ్మూలం సాక్ష్యంగా పనికిరాదని ఐక్యరాజ్యసమితి హింస వ్యతిరేక ఒప్పందం 15వ అధికరణం చెబుతుంది. సౌదీ 1997లో అందులో చేరింది. మనం అదే ఏడు సంతకం పెట్టి, ధ్రువీకరించకుండా వదిలేశాం. ఇంకొకర్ని నిలదీయాల్సిన చోట ఇది మనకే సిగ్గుచేటు.

విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు మీరే ఇక్కణ్నుంచి పెట్టొచ్చు. జెడ్డా, మక్కా, మదీనా వైపైతే జెడ్డా కాన్సులేట్, రియాద్, దమ్మామ్ అయితే రియాద్ ఎంబసీ ఎంచుకోండి. "కాపాడండి" అని రాస్తే "విషయం పరిశీలిస్తున్నాం" అని జవాబొస్తుంది. మూడు అడగండి: కాన్సులర్ యాక్సెస్ (మన అధికారి వెళ్లి కలిసే వీలు), పోలీసులు పక్కన లేకుండా మాట్లాడే వీలు, డాక్టరు పరీక్ష, దాని కాగితం. పట్టుకున్న తేదీ, స్టేషను, ఆఖరి ఫోను ఎప్పుడొచ్చిందో రాయండి. పాస్‌పోర్టు, ఇకామా (సౌదీ నివాస కార్డు) ఫోటోలు తప్పకుండా జతచెయ్యండి. అరబ్బీలో "ప" లేదు, పాపారావు అక్కడ బాబారావు అవుతాడు. పైగా మన ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది. "ఆ పేరుతో ఎవరూ లేరు" అనే జవాబు చాలాసార్లు ఇందుకే. వాటి మీది నంబరు చూసి వెతికితే మనిషి దొరుకుతాడు.

తెలుగువాళ్లం కదా అని పాతపట్నం దాటి ఆంధ్ర ఆఫీసుల చుట్టూ తిరక్కండి. చూసేది పాస్‌పోర్టులో చిరునామా. అది ఒడిశాదైతే గజపతి కలెక్టరుకు ఒక అర్జీ, బరంపురం ఎంపీ లెటరు ఒకటి. కలెక్టరుకు ఒడియాలో ఇచ్చినా ఎంబసీకి ఇంగ్లీషు కాపీ ఉండాలి. లాయరు ఖర్చు పెట్టుకోలేకపోతే ఎంబసీలోనే ఉండే ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ నుంచి సాయం కావాలని విడిగా రాసి అడగండి. అడక్కుండా ఇవ్వరు.

కదలిక లేకపోతే విదేశాంగ శాఖకు 10 రూపాయల ఆర్టీఐ. పైన "ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినది" అని రాస్తే 48 గంటల్లో జవాబివ్వాలి. యాక్సెస్ ఏ తేదీన అడిగారు, సౌదీ ఏమంది, ఎవరు వెళ్లి కలిశారు, ఇంతే అడగండి. కటక్ హైకోర్టులో రిట్ వెయ్యాల్సొస్తే ఆ తేదీలే మీ కేసు. కోర్టు సౌదీని ఆదేశించలేదు, కేంద్రాన్ని మాత్రం ఏం చేశావని అడగగలదు.

వదిలేసి పంపిస్తే ఇంటికి తీసుకెళ్లేముందు బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రికి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసు, అంటే కోర్టుకు పనికొచ్చేలా దెబ్బల నమోదు, రాయించండి. కమిలిన మచ్చ రెండు వారాల్లో పసుపు తిరిగి మాసిపోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యండి. అరికాళ్ల మీద దెబ్బలున్నాయేమో చూడమని డాక్టరుకు మీరే చెప్పండి, చెప్పులు విప్పమని ఎవరూ అడగరు.