నర్సింగ్‌కి రెండేళ్ల డిగ్రీనా, బీఎస్‌ఎన్నా?

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఉంటాం. నిరుడే గ్రీన్‌కార్డు వచ్చింది. నాకు 36 ఏళ్లు. హన్మకొండలో బీటెక్ చేశాను. నర్సింగ్‌కి ముందు కావలసిన సైన్స్ సబ్జెక్టులు ఇక్కడ పూర్తి చేశాను. కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీకి రెండేళ్లు, 14 వేల డాలర్లు. ప్రైవేటు యూనివర్సిటీలో యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్‌కి (వేరే డిగ్రీ ఉన్నవాళ్లు త్వరగా పూర్తి చేసే నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ) 15 నెలలు, 68 వేలు. దగ్గర్లోని ఆసుపత్రిలో అడిగితే కొత్తగా చేరేవాళ్లకు అసోసియేట్ ఉంటే గంటకు 34, బీఎస్‌ఎన్ ఉంటే 35 ఇస్తామన్నారు. మా ఆయన తన 401కె (ఉద్యోగంలో దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ తీసి బీఎస్‌ఎన్‌లో చేర్పిస్తానంటున్నారు. ఏది మేలు?

జవాబు: ఏది చదివినా రాసే పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. వచ్చే లైసెన్సూ ఒకటే. కాబట్టి ముందు ఆ డాలరు తేడా సంగతి చూద్దాం. పన్నెండు గంటల షిఫ్టులు వారానికి మూడంటే 36 గంటలు. ఆ లెక్కన ఏడాదికి తేడా 1,872 డాలర్లు. దానికోసం 54 వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు.

మీ ఆయన మాటలో పస ఉన్నది వేరే చోట. బీఎస్‌ఎన్ అయితే తొమ్మిది నెలల ముందే జీతం మొదలవుతుంది. గంటకు 34 చొప్పున ఏడాదికి 63,648. ఆయన జీతంతో కలిపి చూస్తారు కాబట్టి ఫెడరల్ ట్యాక్సు 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం పోతాయనుకుందాం. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. నెలకు చేతికొచ్చేది సుమారు 3,730. తొమ్మిది నెలలకు 33,600 దాకా. 54 వేల ముందు ఇది చాలదు. ఇంకా 20 వేల పైచిలుకు కమ్యూనిటీ కాలేజీ వైపే లాభం.

ఆ 20 వేలు మీ ఐదున్నర నెలల జీతం. కమ్యూనిటీ కాలేజీలో సీటు కోసం అంతకన్నా ఎక్కువ ఆగాల్సి వస్తే లెక్క తిరగబడుతుంది. చాలాచోట్ల సీట్లు తక్కువ, అప్లై చేసేవాళ్లు ఎక్కువ. అందుకే మీరు తేల్చుకోవాల్సింది సీటు ఎప్పుడొస్తుందని. అడ్వైజర్ నోటిమాట కాకుండా ఈమెయిల్లో జవాబు తీసుకోండి.

సీటు ఆలస్యమై బీఎస్‌ఎన్‌కే వెళ్లినా 401కె జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ లోన్ ఎంత ఇస్తారంటే ఖాతాలో మీ ఆయనకు పూర్తిగా దక్కిన సొమ్ములో సగం, మామూలుగా 50 వేలకు మించదు. 68 వేలకు అది ఎలాగూ సరిపోదు. ఆయన ఉద్యోగం పోతే మిగిలిన బాకీని ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా సర్దుబాటు చేయాలి. లేకపోతే అది ఆదాయం కింద లెక్కకొచ్చి పన్ను పడుతుంది, ఆయన వయసుకు పైన 10 శాతం పెనాల్టీ కూడా. ఇద్దరి భవిష్యత్తూ ఒకే ఉద్యోగానికి కట్టెయ్యడం నాకు నచ్చదు. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ స్టూడెంట్ లోన్‌కి అప్లై చేయొచ్చు. డిగ్రీ ఉన్నందువల్ల పెల్ గ్రాంట్ (ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం) మాత్రం రాదు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద ఏడాదికి 2,000 దాకా పన్ను తగ్గొచ్చు. అయితే ఇద్దరి ఆదాయం కలిపి 1,60,000 దాటితే అది తగ్గుతూ వచ్చి 1,80,000కి పూర్తిగా పోతుంది.

అసోసియేట్‌తో చేరినా బీఎస్‌ఎన్ ఎప్పటికీ అక్కర్లేదని కాదు. న్యూయార్క్‌లో అయితే 2017 నాటి చట్టం ప్రకారం కొత్త నర్సులు పదేళ్లలో అది పూర్తి చేయాలి. టెక్సస్‌లో అలాంటి నిబంధన లేదు గానీ పెద్ద ఆసుపత్రులు అడుగుతాయి, నర్స్ మేనేజర్ కావాలన్నా కావాలి. అది ఆసుపత్రి డబ్బుతో ఆన్‌లైన్‌లో చదవండి. చేరే కాలేజీకి ఏసెన్ (నర్సింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో ఇప్పుడే చూసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

యజమాని ఇచ్చే చదువు ఖర్చులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా మీకు పన్ను పడదు. ఆ లెక్క క్యాలెండర్ ఏడాదిది. కోర్సు ఆగస్టులో మొదలుపెడితే సగం ఫీజు ఈ ఏడాది కోటాలో, సగం వచ్చే జనవరి తర్వాత కోటాలో పడుతుంది. ఆ ఖర్చు ఒప్పందం మీద సంతకం పెట్టేముందు, ఉద్యోగం మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి కట్టాలో హెచ్‌ఆర్‌ని అడగండి.