“ఏదో కొంచెం నటిస్తుంటాను” అనకు నాయనా

మే నెలలో గంగజాతరకు తిరుపతి వచ్చినప్పుడు మా పక్కింటి అబ్బాయి మేడ మీదికి వచ్చి కూర్చున్నాడు. సెప్టెంబరులో లండన్‌లో ఎమ్మెస్సీలో చేరుతున్నాడు. ఎస్వీ యూనివర్సిటీలో చదివినన్నాళ్ళూ నాటకాలు వేశాడు. వాళ్ళ అమ్మకు వినపడకుండా అడిగిన సందేహం ఇది: “అత్తా, అక్కడ ఎవరైనా నువ్వేం చేస్తావంటే ఏమని చెప్పాలి? ఏదో కొంచెం నటిస్తుంటాను అంటే చాలదా?” డప్పుల మోతలో నా జవాబు సగం కొట్టుకుపోయింది. ఇరవై రెండేళ్ళుగా లండన్‌లో నాటకాల్లో, టీవీలో చిన్నాపెద్దా వేషాలు వేసి బతుకుతున్నదాన్ని కనుక ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

చాలదు నాయనా. ఆ పొద్దున జాతర మొక్కుకు బైరాగి వేషం కట్టి మన వీధిలో వెళ్ళినవాడిని చూశావు కదా. ముందురోజు వరకు ఫోన్లు బాగుచేసే కుర్రవాడే. ఒళ్ళంతా తెల్లగా పూసుకుని గడప ముందు నిలబడ్డాక, “ఏమనుకోకండి, నాకు అంతగా రాదు” అన్నాడా? అననూ లేదు, మనం అడగనూ లేదు. నువ్వు మాత్రం నోరు తెరవకముందే క్షమాపణ చెబుతున్నావు. మనవాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. అక్కడ పాత్రకు మనిషిని వెతుక్కునే కాస్టింగ్ డైరెక్టరుకు అది “వీడికి పని రాదేమో” అన్నట్టు వినిపిస్తుంది. పగలు దుకాణంలో పనిచేసినా సరే, దాచకు. దుకాణం జీతానికి, నటన వృత్తికి. అక్కడి నటుల్లో చాలామందిది ఇదే బతుకు.

అయితే తొందరపడవద్దు. విద్యార్థి వీసా మీద ఉన్నంతకాలం వృత్తి కళాకారుడిగా పని చేయకూడదు, స్వయం ఉపాధి కూడా కుదరదు. వారానికి 20 గంటల అనుమతి ఉందిగదా అని వేషానికి ఒప్పుకున్నావంటే వీసాకే ముప్పు. డబ్బు తీసుకోకపోయినా కొన్నిసార్లు పనికిందికే రావచ్చు కనుక యూనివర్సిటీలో వీసా సలహాదారును అడిగి అడుగు వెయ్యి. అప్పటిదాకా విద్యార్థుల నాటక సంఘంలో చేరు. చదువు అయ్యాక గ్రాడ్యుయేట్ వీసాకు మారితే స్వయం ఉపాధికి అడ్డు తొలగుతుంది. ఈలోగా నటుల సంఘం ఈక్విటీలో విద్యార్థి సభ్యత్వం నీ చదువుకు ఇస్తారేమో కనుక్కో. 1930లో పుట్టిన సంఘం అది. కూలి రేట్లు, ఒప్పందాల సంగతి అక్కడే తెలుస్తుంది.

ఇక పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు ముక్కలై ఇంకోచోట పడి ఉంటుంది నీకు. వృత్తికి ఏ పేరు వాడతావో ఇక్కడే తేల్చుకో. ఈక్విటీలో అదే పేరుతో ఇంకొకరు ఉన్నారేమో ముందే చూసుకో. చిత్తూరు నాగయ్యగారిది చిత్తూరు కాదు, రేపల్లె ప్రాంతం. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరొచ్చింది, ఊరు పేరులో చేరిపోయింది. నీ పేరు వాళ్ళకు నోరు తిరగదని మాత్రం కత్తిరించుకోకు. రెండుసార్లు నిదానంగా పలికి వినిపించు, నేర్చుకుంటారు.

ఫోటో విషయంలో మన స్టూడియోలను నమ్మవద్దు. పెళ్ళి ఆల్బమ్‌లా చెంపలు నునుపు చేసి, రంగు రెండు పాళ్ళు పెంచి ఇస్తారు. అక్కడ హెడ్‌షాట్ అంటే 10 అంగుళాల నిలువు, 8 అంగుళాల వెడల్పు, కళ్ళు స్పష్టంగా, చొక్కా సాదాగా. తలుపు తీసుకుని లోపలికి వచ్చే మనిషి, బల్ల మీది ఫోటో ఒకటిగా ఉండాలి.

వివరాల పత్రం ఒక్క పేజీ. పుట్టినతేదీ అక్కర్లేదు, ఏ వయసు పాత్రలకు సరిపోతావో రాస్తే చాలు. వచ్చిన విద్యలు రాసేచోటే నాకు తలవంపులయ్యాయి. చిన్నప్పుడు రెండేళ్ళు నేర్చుకున్నానన్న ధైర్యంతో “కూచిపూడి” అని రాసుకున్నాను. ఒక ప్రకటనకు పిలిచి, సరే, ఒక జతి చేసి చూపించమన్నారు. మూడో అడుగుకే కాళ్ళు ముడిపడ్డాయి. వాళ్ళు నవ్వలేదు, అదే ఇంకా బాధ. రేపు పొద్దున లేపి అడిగినా చేయగలిగినదే రాయి. నీ తెలుగు రాయి, చిత్తూరు సరిహద్దులో అబ్బిన తమిళం నిజంగా మాట్లాడగలిగితే అదీ రాయి. భారతీయుడివి కదా, ఈ మాటలు హిందీలో చెప్పమంటారు. రాకపోతే రాదను, “తెలుగులో చెప్పనా?” అని అడుగు. అలా అడిగినందుకే నాకు ఒక అమ్మ పాత్ర దొరికింది.

ఏజెంట్లు నీ సంపాదనలో వాటా తీసుకుంటారు. చేర్చుకోవడానికి ముందే డబ్బు కట్టమన్నా, తమ మనిషి దగ్గరే ఫోటోలు తీయించుకోమన్నా లేచి వచ్చెయ్యి. స్పాట్‌లైట్ అనే నటుల జాబితా 1927 నుంచి ఉంది, కాస్టింగ్ వాళ్ళు ముందు వెతికేది అందులోనే. దానికి చందా కట్టాలి, అది మోసం కాదు. శిక్షణో, వృత్తి అనుభవమో చూపించాలి కనుక ఆ మెట్టుకు కొంత సమయం పడుతుంది.

ఆడిషన్ గదిలో మాటకు ముందొక సార్, వెనకొక సార్ వద్దు. అక్కడ దర్శకుణ్ణీ పేరుతోనే పిలుస్తారు. నాకు ఏడాది పట్టింది, ఇప్పటికీ పెద్దవాళ్ళ దగ్గర నాలుక తడబడుతుంది. జలుబు చేసిందనీ, స్క్రిప్టు రాత్రే అందిందనీ చెప్పకు. చేసి, థాంక్స్ చెప్పి, బయటికి నడువు. తరువాత ఫోన్లు చేయకు. చాలాసార్లు జవాబే రాదు, అదే జవాబు.

ఇప్పుడు సగం ఆడిషన్లు ఇంట్లోనే, సెల్ఫ్ టేప్‌లో. ఫోను అడ్డంగా పెట్టి, వెనక ఖాళీ గోడ, తల నుంచి ఛాతీ దాకా కనిపించేలా తీసుకో. ఎదుటి పాత్ర మాటలు చదివేవాడు కెమెరా పక్కనే కూర్చుని మెల్లగా చదవాలి. మా ఆయన చదివితే నాకంటే ఆయనే ఎక్కువ నటిస్తాడు, అందుకని ఆ పని మా అమ్మాయికి అప్పగించాను.

ఆ రాత్రే మేడ మీద సున్నం గోడకు వాడిని నిలబెట్టి ఫోను పెట్టాను. పేరు, ఎత్తు, “నేను నటుణ్ణి” అన్న మాట, అంతే. మొదటిసారి నవ్వాడు. రెండోసారి మెడ గోక్కున్నాడు. మూడోసారి పేరు మింగేశాడు. నాలుగోసారి బాగా వస్తుండగా కింది నుంచి వాళ్ళమ్మ, “ఎవరితోరా మాట్లాడుతున్నావు? ఏమిటది, నటుడంటున్నావు?” అని కేకేసింది. వాడు నావైపు చూశాడు. నేను ఫోను ఆపలేదు.