ఆరు గంటలు బెడ్ మీద ఉంచినా ఇన్సూరెన్స్ రాదా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. కిందటి నెల జ్వరం 103 దాటింది, ఒకటే దగ్గు. రెండో రోజు పిల్లల క్లినిక్‌కు తీసుకెళ్తే ముక్కులోంచి శాంపిల్ తీసి ఫ్లూ అన్నారు. మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా అక్కడే బెడ్ మీద ఉంచి, మూడుసార్లు నెబ్యులైజర్ పెట్టి పంపారు. బిల్లు 7,450 రూపాయలు. ఏటా 21 వేలు ప్రీమియం కడుతున్నాం కదా అని క్లెయిమ్ పెడితే ఒక్క రూపాయి కూడా రాదన్నారు. ‘ఒక్క రాత్రి అడ్మిట్ చేయించి ఉంటే మొత్తం వచ్చేది’ అని మా ఆడపడుచు అంటోంది. నిజమేనా మేడమ్?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు పంపిన బిల్లు ఫోటో రెండుసార్లు చూశానమ్మా. ముప్పై ఏళ్లు క్లెయిముల సెక్షన్‌లో పనిచేశాను కదా, బిల్లు కనబడితే చేయి పెన్ను వెతుక్కుంటుంది.

ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను. పాలసీ ప్రకారం వాళ్లు చేసింది సరైనదే. మామూలు హెల్త్ పాలసీలో ఆసుపత్రిలో చేరడం అంటే ఇన్‌పేషెంట్‌గా వరుసగా 24 గంటలు ఉండటం. డయాలసిస్, కంటి శుక్లం ఆపరేషన్ లాంటి, ఒక రోజు లోపే అయిపోయే డే కేర్ చికిత్సలకు మాత్రం మినహాయింపు ఉంది. మీ బాబుకు చేసినది అందులోకి రాదు. బెడ్ ఇచ్చినా, చేతికి సూది గుచ్చినా అది ఓపీ కిందే లెక్క. కొన్ని పాలసీల్లో, కొన్ని కంపెనీలు ఉద్యోగులకిచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఓపీ ఖర్చు కూడా ఇస్తారు. మీ పాలసీ షెడ్యూల్‌లోనూ, మీవారి ఆఫీసు కార్డులోనూ ‘ఓపీడీ’ అన్న మాట ఉందేమో వెతకండి.

ఇక మీ ఆడపడుచు మాట. అడ్మిట్ అయితే సరిపోదమ్మా, అడ్మిట్ చేయాల్సిన జబ్బని కేస్ షీట్ చెప్పాలి. జ్వరం ఎంతుంది, ఆక్సిజన్ ఎంతుంది, ఏం ఎక్కించారు అన్నీ చూస్తాం. ఇంట్లో తాగించగల సిరప్‌లే రాసి, మిగతావన్నీ రక్త పరీక్షలైతే ఫైలు వెనక్కి వెళ్తుంది. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వనక్కర్లేదని పాలసీలోనే రాసి ఉంటుంది. అలాంటి ఫైళ్లు ఎన్ని తిప్పి పంపానో లెక్కలేదు. అప్పుడు ఏడు వేలతో పోయేది పాతిక వేలయ్యేది. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి, సలహా మాత్రం పాటించకండి. ఆయాసమో, తాగిన నీళ్లు కూడా నిలవకపోవడమో చూసి డాక్టరే చేర్చమంటే అది వేరే సంగతి. అప్పుడు ఇన్సూరెన్స్ గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు.

ఆ కాగితాలు మాత్రం పారేయకండి. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, చాలా పాలసీల్లో చేరడానికి ముందు 30 రోజుల్లో అదే జబ్బుకు పెట్టిన ఖర్చు, ఇంటికొచ్చాక 60 రోజుల దాకా అయ్యే ఖర్చు కూడా ఇస్తారు. ఒకాయన పాపకు ఫ్లూ అనుకున్నది నాలుగో రోజుకు న్యుమోనియా అయింది. ఆసుపత్రి బిల్లు ఇచ్చేశాం. అంతకుముందు క్లినిక్‌లో పెట్టిన ఆరు వేలకు మాత్రం ఆయన దగ్గర తెల్ల చీటీ మీద నాలుగు అంకెలున్నాయి, అంతే. నిజమేనని నాకు తెలుస్తూనే ఉంది, కానీ ఇవ్వలేకపోయాను. అందుకే డాక్టరు చీటీ, ల్యాబ్ రిపోర్టు, నంబరున్న మందుల బిల్లు, మూడూ బాబు పేరు మీదే అడిగి తీసుకోండి. చాలామంది మందులు నాన్న పేరు మీద రాయించేస్తారు.

ఫ్లూ టెస్టుకు 2,200 పోయిందని బాధపడకండి. ఫ్లూకిచ్చే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. మీరు రెండో రోజే వెళ్లడం మంచిదైంది.

నాకు అనుమానం వచ్చింది ఫార్మసీ బిల్లు చూసి. నెబ్యులైజర్ మాస్కులు మూడు వేశారు. ఒక్క బాబుకు, ఒక్క పూటకు మూడెందుకు? వెళ్లి మర్యాదగా అడగండి. వాడనివి వాపసు తీసుకుంటారు. నిజంగా వాడి ఉంటే ఇంటికి తెచ్చుకోండి, డబ్బు మీదే కదా. అన్నట్టు, అడ్మిట్ అయినా సరే నెబ్యులైజర్ కిట్, థర్మామీటర్, డైపర్లు, తోడున్నవాళ్ల భోజనం లాంటివి మామూలుగా క్లెయిమ్‌లోంచి కోసేస్తారు.

ప్రశ్న: పాశమైలారంలో ఫ్యాక్టరీలో పనిచేస్తాను, జీతం 19,500. పాప జ్వరానికి ప్రైవేట్ క్లినిక్‌లో రెండు వేలైంది. హెల్త్ పాలసీ తీసుకోవాలా?
— ఒక పాఠకుడు, పటాన్‌చెరు

జవాబు: పాలసీ సంగతి తర్వాత బాబూ, ముందు జీతం చీటీ చూడండి. ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే బీమా కింద 0.75 శాతం కోత పడుతోందా? 21,000 లోపు జీతం కాబట్టి పడుతూనే ఉండాలి. మీ పాపకు ఈఎస్ఐ డిస్పెన్సరీలో డాక్టరుకూ మందులకూ రూపాయి కట్టనక్కర్లేదు, ఓపీ అయినా సరే. క్యూ ఉంటుంది, ఒక పూట పోతుంది, అది నిజమే. జీతం మధ్యలో 21 వేలు దాటినా సెప్టెంబరు దాకానో మార్చి దాకానో, ఆ ఆరు నెలల గడువు అయ్యే వరకు మిమ్మల్ని తీసేయరు. పాప పేరు కార్డులో చేరిందో లేదో రేపే ఫ్యాక్టరీ ఆఫీసులో అడగండి. పెళ్లప్పుడు భార్య పేరు చేర్చి, పిల్లలు పుట్టాక ఆ సంగతే మర్చిపోయినవాళ్లను చాలామందిని చూశాను.