మాత్రలు మానేసి పసర్లు తాగడమా?

ప్రశ్న: నమస్తే అండి. ఆదివాసీల్లో షుగర్, కిడ్నీ జబ్బులకి 'వాళ్ల సంస్కృతికి తగ్గ వైద్యం' చెయ్యాలని ఈ మధ్య తెగ చదువుతున్నా. అంటే ఏంటసలు? మాత్రలు ఆపేసి ఆకు పసర్లు తాగించడమా? నాకైతే భయమేస్తోంది.

జవాబు: మాత్రలు ఆపమని ఎవరూ అనట్లేదండీ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా పసర్లు తాగితే అసలుకే మోసం. ఆస్ట్రేలియాలో జరిగింది చెప్తా, మీకే అర్థమవుతుంది.

అక్కడ నడిమధ్య ఎడారిలో కింటోర్ అని పింటుపి అనే ఆదివాసీల ఊరుంది. ఒకప్పుడు డయాలసిస్ కావాలంటే ఐదొందల కిలోమీటర్ల అవతల ఆలిస్ స్ప్రింగ్స్‌కి పోవాల్సొచ్చేది, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు మిషన్ పక్కనే, ఇంక వెళ్లి రావడాలెక్కడ కుదురుతాయి, ఇల్లూ మనవలూ అందర్నీ వదిలేసి అక్కడే ఉండిపోవాల్సొచ్చేది. ఆ బెంగ తట్టుకోలేక కొందరు డయాలసిస్ మానేసి ఇంటికొచ్చేసేవాళ్లు, మానేస్తే ఏమవుతుందో తెలిసి కూడా. ఇలాంటివాళ్లని 'చెప్పిన మాట వినని పేషెంట్లు' అనేస్తారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే.

మరి వాళ్లేం చేశారు? బొమ్మలేశారు! పాపున్యా టూలా అనే ఆదివాసీ కళాసంస్థ చిత్రకారుల పెయింటింగ్స్‌ని 2000లో సిడ్నీలో వేలం వేస్తే పది లక్షల డాలర్ల పైనే వచ్చాయి. దాంతో సొంత సంస్థ పెట్టుకుని 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ మొదలెట్టారు. సంస్థకి వాళ్ల భాషలో పెట్టుకున్న పేరుకి 'మా కుటుంబాలందర్నీ బాగుచేసుకోవడం' అని అర్థం, అందరూ పిలిచేది మాత్రం పర్పుల్ హౌస్ అని. తర్వాత ఒక లారీలో కూడా డయాలసిస్ కుర్చీలు బిగించారు, టౌన్‌లో ఇరుక్కుపోయినవాళ్లు చావుకో, కుటుంబ వేడుకకో సొంతూరు వెళ్లొచ్చేలాగ. మిషన్ అదే, రక్తం శుభ్రం చేసే పద్ధతీ అదే, కాకపోతే సూది గుచ్చించుకునేటప్పుడు పక్కన మాట్లాడేది సొంత మనుషులు, సొంత భాషలో.

షుగర్ విషయంలోనూ ఒకటుంది. అదే దేశంలో డెర్బీ దగ్గర షుగర్ ఉన్న పదిమంది ఆదివాసీలు ఏడు వారాలు తమ నేల మీదకెళ్లి వేటాడుకుని, చేపలు పట్టుకుని బతికారు. సగటున ఎనిమిది కిలోలు తగ్గారు, పరగడుపు షుగర్ కూడా బాగా దిగింది. 1984లో అచ్చయిన పరిశోధన ఇది. పదిమందే, ఏడు వారాలే, పైగా డాక్టర్లు కనిపెట్టుకుని ఉన్నారు, కాబట్టి ఇది చదివి ఎవరూ ఇన్సులిన్ పక్కన పెట్టేయకండి బాబూ.