అభ్యర్థిని తేల్చేశాక మా గుమ్మం తొక్కి ఏం లాభం?

అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు అమెరికా పార్టీలు స్వింగ్ రాష్ట్రాల (ఎటైనా మొగ్గే రాష్ట్రాల) మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలా అని కదా ప్రశ్న. ఇచ్చి తీరాలి. పెన్సిల్వేనియాలో ఇల్లు, ఓటు రెండూ ఉన్నవాడిగా చెప్తున్నా.

2024లో మా ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎంచుకునే ఎన్నిక, ఏప్రిల్ 23న జరిగింది. బైడెన్, ట్రంప్ ఇద్దరూ మార్చి 12కే కావాల్సిన డెలిగేట్లను (పార్టీ తరఫున అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులను) కూడగట్టేసుకున్నారు. మేం ఓటేసేది ఇంకెందుకు? మా ఆవిడకైతే ఆ ముచ్చట కూడా లేదు. ఏ పార్టీ కిందా నమోదు కానివాళ్లకు ఇక్కడ ప్రైమరీలో అభ్యర్థిని ఎంచుకునే హక్కే లేదు. నవంబరులో ఫలితం తేల్చేదేమో ఇలాంటివాళ్లే!

అక్టోబరులో ఒక శనివారం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే మెడలో బ్యాడ్జి, చేతిలో కరపత్రాలతో ఒకావిడ. ఇంగ్లీషులో మొదలుపెట్టి, గుమ్మానికున్న ప్లాస్టిక్ మామిడి తోరణం చూసి "తెలుగువాళ్లేనా అండీ?" అంది. అంతే, మా అమ్మ వంటింట్లోంచి వచ్చేసింది. "ఏ ఊరమ్మా మీది?" దగ్గర మొదలై వ్యవహారం టీ, చేగోడీల దాకా వెళ్లింది. ఆవిడ ఉండేది న్యూజెర్సీలోనట. "అక్కడ నా ఓటు పడ్డా పడకపోయినా ఒకటేనండీ, అందుకే మీ ఓటు కోసం ఇంత దూరం వచ్చా" అంది. నేను ఉండబట్టలేక "అభ్యర్థిని నిలబెట్టకముందు ఒక్కరైనా వచ్చి మమ్మల్ని అడిగారా?" అన్నా. ఆవిడ చేగోడీ కొరుకుతూ "మీకు ప్రైమరీ ఏప్రిల్లోనైనా పెట్టారు, మాకు జూన్ 4న" అంది. తాంబూలాలు మార్చుకున్నాక పెళ్లికూతుర్ని "నీకు ఇష్టమేనా?" అని అడిగినట్టుంది ఈ తంతు.

పైగా బైడెన్ జులైలో తప్పుకున్నాక అప్పటి ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌ను డెలిగేట్లే ఓటేసి నిలబెట్టారు. మన దగ్గర టికెట్లు అధిష్ఠానం ఇస్తుందని వెక్కిరించే మా ఆఫీసు మిత్రులు ఆ నెలంతా సైలెంటు. మన వాట్సాప్ గ్రూపుల సంగతి ఇక చెప్పక్కర్లేదు. ట్రంప్ జోడీగా నిలబడ్డ జె.డి. వాన్స్ భార్య ఉష పూర్వీకులది మన ఆంధ్రాలోని వడ్లూరు అనగానే అర్ధరాత్రి దాకా చర్చలు. ప్రైమరీకి 15 రోజుల ముందే పార్టీ పేరు నమోదు చేసుకోవాలని నేను పెట్టిన మెసేజీకి ఒక్కడూ పలకలేదు.

డెమొక్రాట్లు 2024లో ప్రైమరీల వరుసలో మొదటి స్థానం సౌత్ కరోలినాకు ఇచ్చారు. అక్కడి నల్లజాతి ఓటర్లు ఆ పార్టీకి వెన్నెముక, కాదనను. కానీ 1976 తర్వాత ఆ రాష్ట్రాన్ని డెమొక్రాట్ అభ్యర్థి ఒక్కసారీ గెలవలేదు. 2016 చూడండి. మిషిగన్, విస్కాన్సిన్ ప్రైమరీల్లో డెమొక్రాట్ హిల్లరీ క్లింటన్ తన పార్టీలోనే పోటీపడ్డ శాండర్స్ చేతిలో ఓడింది. నవంబరులో ఆ రెండూ, మా పెన్సిల్వేనియా కూడా పోయాయి. మూడింట్లో కలిపి తేడా 80 వేల ఓట్ల లోపే. హెచ్చరిక ముందే అందింది, విన్నవాడు లేడు. అదే ఏడాది విస్కాన్సిన్ రిపబ్లికన్లు ప్రైమరీలో ట్రంప్‌ను కాదని క్రూజ్‌ను గెలిపించినా నవంబరులో అక్కడ ట్రంపే గెలిచాడు కదా అని కొందరు లేస్తారు. ఒక్క ఉదాహరణ పట్టుకుని వాదిస్తే ఎలా?

నేను అదనపు డెలిగేట్లు అడగట్లేదు. గత ఎన్నికల్లో తేడా అతి తక్కువ ఉన్న ఐదారు రాష్ట్రాలకు ముందు ప్రైమరీ పెట్టమంటున్నా. ఆ జాబితా మారితే వరుసా మారుతుంది. అయితే ఇది పార్టీల చేతిలో మాత్రమే లేదు. మొదటి ప్రైమరీ తనదేనని న్యూ హాంప్‌షైర్ చట్టమే చేసుకుంది. 2024లో జార్జియాను ముందుకు తేవాలని డెమొక్రాట్లు చూస్తే, అక్కడ తేదీ ఖరారు చేసే రాష్ట్ర ఎన్నికల అధికారి (సెక్రటరీ ఆఫ్ స్టేట్), రిపబ్లికన్, ఒప్పుకోలేదు.

పెద్ద రాష్ట్రాలు ముందుంటే టీవీ ప్రకటనలకు డబ్బున్నవాడే గెలుస్తాడని ఇంకో వాదన. అక్టోబరులో మా టీవీలో వాతావరణం చూద్దామన్నా ఎన్నికల ప్రకటనలు దాటుకుని వెళ్లాలి. ఆ డబ్బేదో ఫిబ్రవరిలో తగలేస్తే వచ్చే నష్టమేమిటో నాకైతే అర్థం కాదు.