ఓపెనింగ్ ఎన్ని ఎత్తుల దాకా బట్టీ పట్టాలి?

మొదటిసారి చెస్ టోర్నమెంట్ ఆడబోతున్నాను, ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) ఎన్ని ఎత్తుల దాకా బట్టీ పట్టాలి అని అడిగారు. నా లెక్కలో ఐదు చాలు. పద్దెనిమిది బట్టీ పట్టి వెళ్లి, ఐదో ఎత్తుకే గుర్రం పోగొట్టుకున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా.

నల్లపావుల కోసం సిసిలియన్ అనే ఓపెనింగ్‌లో నజ్‌డోర్ఫ్ అనే శాఖను మూడు వారాలు రుబ్బాను. ప్రత్యర్థి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, తీరిగ్గా స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) మీద పేర్లు రాసుకుని ఈ4 ఆడాడు, అంటే బంటును ఈ4 గడికి జరిపాడు. నేను సీ5. ఇక గుర్రం ఎఫ్3కి వస్తుందని చూస్తుంటే బంటును సీ3కి జరిపాడు! అలాపిన్ అంటారు దీన్ని. నజ్‌డోర్ఫ్ మొత్తం అక్కడికక్కడే చెత్తబుట్టలోకి పోయింది. చెయ్యి మాత్రం అలవాటుగా డీ6 ఆడేసింది. అతను డీ4, నేను గుర్రం ఎఫ్6. అతను డీ4 బంటుతో నా సీ5 బంటును తీసుకున్నాడు. ఈ4 బంటు కాపలా లేకుండా నిలబడి ఉంది. గుర్రాన్ని ముట్టుకున్నాక ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ, ముట్టిన పావు కదపాల్సిందే కదా. ఆ బంటును తినేశాను.

మంత్రి ఏ4కి వచ్చి చెక్. నేను డీ6 ఆడటంతో నా రాజు దాకా ఐమూల దారి తెరుచుకుంది. అతని డీ4 బంటు లేచిపోవడంతో నాలుగో వరుస ఖాళీ అయింది. ఒకే ఎత్తుతో ఇటు రాజుకు చెక్, అటు గుర్రం మీద దాడి. అప్పుడే రిజైన్ చేయడానికి సిగ్గేసి ఇంకో రెండు గంటలు లాగాను.

ఆట అయ్యాక అడిగితే, "నజ్‌డోర్ఫ్ చదివే ఓపిక లేకే సీ3 ఆడతానండీ" అన్నాడు. ముప్పై ఎత్తుల కోర్సులు అమ్మేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో! ఆట అవ్వగానే ఫోన్ తీసి, చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) చూసి మనకు పాఠం చెప్పే ప్రేక్షకుల సంగతి సరేసరి.

1996లో ఐబీఎం వాళ్ల చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ కూడా అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ సిసిలియన్ మీద ఇదే సీ3 ఆడి మొదటి గేమ్ 37 ఎత్తుల్లో గెలిచింది. మ్యాచ్ చివరికి కాస్పరోవ్ 4-2తో గెలిచాడనుకోండి. అయినా నాకు అదొక ఓదార్పు.

నిజానికి నేను ఓడింది ఓపెనింగ్ వల్ల కాదు, బోర్డు చూడకపోవడం వల్ల. పదిహేను వందల రేటింగ్ లోపు అందరి కథా ఇదే, కావాలంటే మీ పాత స్కోర్‌షీట్లు తీసి చూసుకోండి.

ఇప్పుడు తెల్లపావులతో నేనూ సీ3నే ఆడుతున్నా. ఆ ఈ4 బంటు తిన్నవాళ్లు ఇప్పటికి ఇద్దరు.